బుచ్చయ్య ఇంటి లగ్గానికి ర్యామ్

జడ్చర్ల,
నవంబరు, 2025.

రిజ్జూ,

ఉత్తరం చూసి పరేషాన్ కాకు. ఏం చేయాలె మరి? నా నంబర్ బ్లాక్ పెట్టినవ్. వేరే నంబర్ నుంచి చేస్తే నా గొంతు వినంగనే కట్ చేసినవ్. పోస్టుమ్యాన్‌ను బ్లాక్ పెట్టలేవు గద! నాకు నీ తీరుగ పుస్తకం భాష రాయరాదు, మాట్లాడినట్టే రాస్తున్న, ఏమనుకోకు.

ముచ్చటేందంటే, కొల్లాపూర్ మామిడితోటల బుచ్చయ్య యాదికున్నడా? ఎట్ల మర్చిపోతవ్ లే. ఆయన చిన్నబిడ్డ లగ్గం. మూఢం పోంగనే, ఫిబ్రవరి ఆఖర్ల. వీడియో మన స్టూడియోకే, అంటే నా స్టూడియోకే ఇచ్చిండు. పొద్దుగాల అయిన లగ్గాన్ని ఆ దినమే మిక్సింగ్ చేసి, సాయంత్రం విందుల పెద్ద ఎల్ఈడీ తెర మీద ఏయాలంట. కొల్లాపూర్ మొత్తం ఆడనే ఉంటది. మంచిగ అయితే ఇగ నాకు తిరుగు లేదు. కాకపోతే జడ్చర్ల షట్టర్ దించుకునుడే.

నా కంప్యూటర్ల ర్యామ్ సాలుతలేదు. రెండు క్లిప్పులు పక్కపక్కన పెడితేనే గింగిరాలు తిరుగుతాంది. కొత్తది కొనాలె. స్పీడు చూడాలెనా, ధర చూడాలెనా? దుకాణపోడు సీఎల్ అని ఇంకోటేదో అంటడు, నాకు సమజ్ కాలే. నా దగ్గర దివాకర్ అని ఒకాయన మిక్సింగ్ చేస్తడు, ఆయన చెప్పేది నా మనసున పడ్తలేదు. నువ్వైతే మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్ల చదివినప్పుడే డబ్బా మూత తీయకుండ లోపల ఏముందో చెప్తుంటివి. నువ్వు పక్కన కూసోని జవాబు చూపిస్తే గూడ నాకు ఒక సబ్జెక్టు పోయె, గది వేరే సంగతి!

పాతయి మనసుల పెట్టుకోకు. ఆరేండ్లాయె. జల్ది రాయి.

నీ
దీపు


మర్రిగూడ,
నవంబరు, 2025.

దీప్తి గారికి,

మీ ఉత్తరం అందింది. పాతవి మనసులో పెట్టుకోవద్దని రాశారు. మరెక్కడ పెట్టుకోమంటారు? ఇక్కడ నాది బస్సులు ఆగే చోట ఒక చిన్న గది. జిరాక్సు తీస్తాను, చెడిపోయిన కంప్యూటర్లు బాగు చేస్తాను. వేరే పెట్టుకునే జాగా లేదు.

మీరు మరిచిపోయినట్టున్నారు కాబట్టి గుర్తు చేస్తాను. ఆరేళ్ల క్రితం ఆ స్టూడియో మన ఇద్దరిది. ఇదే బుచ్చయ్య గారి పెద్దమ్మాయి పెళ్లి. మిక్సింగ్ కంప్యూటర్‌కు నేను ఏరి కోరి మంచి ర్యామ్ జత వేయించాను. నాకు చెప్పకుండా మీరు అందులో ఒకటి తీసి అమ్మేసుకుని, దాని జాగాలో మూల పడున్న పాతది గుచ్చారు. కెమెరా కార్డుల్లోంచి ఎక్కించిన ఫైళ్లన్నీ ఖరాబయ్యాయి. కార్డులను అంతకుముందే మీరు చెరిపేసి ఇంకో పెళ్లికి పంపారు. పెళ్లికూతురి నెత్తిన వాళ్ల అవ్వ సోమమ్మ అక్షింతలు వేసిన ముక్క కూడా పోయింది. ఆ ఏడాదే ఆమె చనిపోయింది.

బుచ్చయ్య గారు స్టూడియోకు వచ్చి అడిగితే మీరేమన్నారు? "రిజ్వానా చెయ్యి పెట్టి ఖరాబు చేసింది సార్, గామెను తీసేసిన" అన్నారు. నేను పక్క గదిలోనే ఉన్నాను. తర్వాత డబ్బా విప్పి చూశాను, ఆ పాత ర్యామ్ నన్ను చూసింది. కానీ అప్పటికే జడ్చర్ల నుంచి కొల్లాపూర్ దాకా నా పేరు మోగిపోయింది. ఒక్కరు కూడా నాకు పెళ్లి పని ఇవ్వలేదు.

అది కూడా మరిచిపోతానేమో. ఇంకొకటి మరవను. మా అమ్మీ లాడ్లీ బేగం మీ దుకాణానికి వచ్చింది. ఈ ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగకుండా పోయిన మోకాళ్లతో రెండు బస్సులు మారి వచ్చింది. "బిడ్డా, ఒక్క మాట నిజం చెప్పు, నా పిల్ల బతుకుతది" అని అడగడానికి. మీరు ఆమెకు కుర్చీ వేయలేదు. "కస్టమర్లున్నరు, జర పక్కకు జరుగు" అన్నారు. ఆమె మెట్ల మీద కూర్చోలేదు, మోకాళ్లు వంగవు కదా. ఎండలో నిలబడి నిలబడి వచ్చేసింది.

బుచ్చయ్య గారి ఇంటికి వెళ్లి తప్పు ఎవరిదో చెప్పండి. చెప్పిన రోజున ర్యామ్ గురించి రాస్తాను.

ఇట్లు,
రిజ్వానా


జడ్చర్ల,
డిసెంబరు, 2025.

రిజ్జూ,

అమ్మా తల్లీ, నన్ను పట్టుకొని గారు అంటవా! ఒక్క కంచంల తిన్నోళ్లం. చదువుతుంటే తల కొట్టేసినట్టయింది.

చెప్తనే, చెప్తా. చెప్పనంటలేను. కానీ గిప్పుడు పోయి చెప్తే బుచ్చయ్య పని గుంజుకుంటడు గదనే? లగ్గం కానీ. మూడు ముడులు పడి, తెర మీద సినిమా ఆడి, ఆయన నవ్వుకుంట ఉన్నప్పుడు మెల్లగ చెప్త. మా అవ్వ మీద ఒట్టు. మీ అమ్మీ సంగతంటవా, గా దినం దుకాణంల మస్తు మంది ఉండె, నాకు గుర్తుపట్టరాలే.

నా కంప్యూటర్ల ఇప్పుడు ఎనిమిది జీబీలయి రెండున్నయి, 2666 అని రాసుంది వాటి మీద. ధరలు అడుగకు, గీ మూడు నెలలల్ల మండిపోయినయి. మొన్న అడిగిన ధర నిన్న లేదు, నిన్నటిది ఇయ్యాల లేదు. నేననుకుంటున్న, పాతయి అట్లనే ఉంచి ఇంకో రెండు ఏసుకుంటే అగ్వకు అయితది గద? లేకుంటే అందరికన్న స్పీడుది ఒక్కటి కొనాల్నా? నువ్వు ఏది చెప్తే గదే. నిన్ను కాకుండ ఎవర్ని నమ్ముతనే నేను?

దీపు


మర్రిగూడ,
డిసెంబరు, 2025.

ప్రియమైన దీపూ,

నీ ఉత్తరం చదివాక నా మనసు ఎంత తేలికైందో చెప్పలేను. ఈ ఆరేళ్లలో ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. ఎన్నాళ్లని మోస్తాం చెప్పు? అమ్మీకి చెబితే నీకు సలాం రాయమంది. జాగ్రత్తగా చదువు, ఒక్క ముక్క కూడా వదలకు.

మొదట చూడాల్సింది వేగం కాదు, ఎంత పడుతుంది అన్నది. నీ పనికి ముప్పై రెండు జీబీ కావాలి. అది తక్కువైతే ఎంత వేగం ర్యామ్ వేసినా కంప్యూటర్ మాటిమాటికీ డిస్కు దగ్గరికి పరుగెత్తుతూనే ఉంటుంది.

తర్వాత వేగం. పెళ్లి బంతిలో వడ్డించేవాణ్ని అనుకో. అతను ఎంత చురుగ్గా అడుగులు వేస్తాడన్నది డబ్బా మీద పెద్దగా అచ్చేసే నంబరు. నువ్వు పిలిచాక నీ విస్తరి దాకా రావడానికి ఎన్ని అడుగులు వేయాలన్నది సీఎల్. 3200 వాడు పదహారు అడుగుల్లో వస్తాడు. 3600 వాడు చురుకే, కానీ పద్దెనిమిది అడుగులు వేయాలి. భాగించి చూడు, ఇద్దరూ ఒకేసారి నీ ముందుంటారు. వచ్చాక 3600 వాడు కాస్త త్వరగా వడ్డిస్తాడు, నిజమే. నీ మిక్సింగ్‌లో అది కంటికి ఆనదు. ధర మాత్రం ఆనుతుంది. 3200లోనే సీఎల్ ఇరవై రెండుది ఇంకా అగ్వకు దొరుకుతుంది. ఇరవై రెండు అడుగులు నడిచి వచ్చేసరికి నీకు ఆకలి చచ్చిపోతుంది, అది వద్దు.

కాబట్టి 3200, సీఎల్ పదహారు, పదహారు జీబీలవి రెండు, ఒకే డబ్బాలో జతగా వచ్చేవి కొను. హైదరాబాద్‌లో మెహమూద్ భాయ్ దగ్గర ఉంటాయి, మనం ముందు కూడా ఆయన దగ్గరే కొనేవాళ్లం. పాతవి తీసి అమ్మేయ్. కొత్తవాటితో కలపకు. కలిపితే నలుగురూ అందరికన్నా నెమ్మదైనవాడి నడకే నడవాలి. బలవంతంగా పరుగెత్తిస్తే ఎక్కడో బొక్కబోర్లా పడతారు.

జత వేశాక బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేయి. అది చేయకపోతే కొన్న వేగం రాదు. చివరిది, పెళ్లికి ముందు ఒక రోజంతా మెమరీ పరీక్ష నడిపించు. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ వాడకు.

నీ
రిజ్జూ


జడ్చర్ల,
జనవరి, 2026.

రిజ్జూ,

నీ ఉత్తరం రెండు సార్లు చదివిన. దివాకర్‌కు చూపించలే, ఆడికి ఎందుకు! నువ్వు చెప్పినట్టే చేసిన. అంత కొన్న, అంత ఏసిన. సెట్టింగు ముచ్చట మస్తు చెప్పినవ్. ఆన్ చేయంగనే కంప్యూటర్ గియ్యిమని లేచింది.

ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. మొదటి ఉత్తరంల గంత నిప్పులు కక్కినవ్. రెండోదాంట్ల సలాములు, ప్రియమైన దీపూలు. గంత ప్రేమ ఏడికెళ్లి వచ్చిందే? మంచిదే అనుకో. ఊకెనే అడిగిన.

దీపు


మర్రిగూడ,
ఫిబ్రవరి, 2026.

ప్రియమైన దీపూ,

నా దుకాణం సామాన్ల కోసం మెహమూద్ భాయ్‌కి ఫోన్ చేశాను. మాటల్లో నీ సంగతి వచ్చింది. "మీ దోస్తు వచ్చింది, జత చూపిస్తే వద్దన్నది, 3600వి ఎనిమిది జీబీలవి రెండు పట్టుకపోయింది, పాతయి గూడ ఉంచుకుంటదంట" అన్నాడు. అంటే ఇప్పుడు నీ డబ్బాలో రెండు పాతవి, రెండు కొత్తవి ఉన్నాయి. దాని మీద సెట్టింగు కూడా ఆన్ చేసి నలుగురినీ బలవంతంగా పరుగెత్తిస్తున్నావు.

దీపూ, అది వాపసు చేయి. మెహమూద్ భాయ్‌తో మాట్లాడాను, తీసుకుంటానన్నాడు, జత పక్కకు పెట్టి ఉంచాడు. వాపసు చేయడం ఇష్టం లేకపోతే కనీసం ఆ సెట్టింగు ఆఫ్ చేయి, నెమ్మదిగానైనా నడుస్తుంది. పరీక్ష మాత్రం తప్పకుండా నడిపించు. ఇప్పుడు మామూలుగా నడుస్తున్నట్టే ఉంటుంది. బరువు పడ్డప్పుడు, డబ్బా వేడెక్కినప్పుడు పడుతుంది. ఆరేళ్ల క్రితం పడ్డది కూడా ఇట్లానే.

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, లగ్గానికి ముందే అందుతుంది.

నీ
రిజ్జూ


జడ్చర్ల,
ఫిబ్రవరి, 2026.

రిజ్వానా,

అబ్బా, ఎంత ఆరాటమే నీకు! నేను ఏం కొన్ననో గూడ కనుక్కున్నవా?

నీ ఎత్తులు నాకు ఎర్కలేవనుకున్నవా? 3600 దొరుకుతుంటే 3200 కొనుమంటివి. ఉన్నయి తీసెయ్యిమంటివి. అడుగులు, విస్తర్లు అని కథలు చెప్పి నాకు పెద్ద నంబరే వద్దంటివి. గిప్పుడు లగ్గం మీద పడ్డంక కొన్నయి గూడ వాపసు ఇచ్చి చేతులూపుకుంట పోవాల్నంట! నువ్వు వద్దన్నవంటే గదే మంచిదని నాకు సమజైంది. మెహమూద్ భాయ్ నువ్వు ఒక్కటే.

మంచిగనే నడుస్తాంది. బరాత్ వీడియో ఒకటి మిక్సింగ్ చేసి ఇచ్చిన, ఏం కాలే. పరీక్ష గిరీక్ష నాకు పురుసత్ లేదు. నీకు కుళ్లు పోలే రిజ్వానా, పోదు గూడ.

దీప్తి


జడ్చర్ల,
మార్చి, 2026.

రిజ్వానా,

ఇప్పుడు నీ కడుపు నిండిందా?

హాల్ల గంత మంది. మిక్సింగ్ ఒక పట్టాన అయితలేదు, సగం దాకా పోయి ఆగిపోతాంది. విందుకు టైమ్ అయింది. ఇగ కంప్యూటర్‌నే తెరకు కలిపి నడిపిద్దామని పెట్టిన. పెండ్లిపిల్ల మండపంలకు వచ్చేదాక మంచిగనే నడిచింది. ఆమె తలెత్తుతదనంగ ముఖం మీద ఆకుపచ్చ డబ్బాలు పడ్డయి. తెరంత నీలం అయింది. మళ్ల ఆన్ చేసిన, మళ్ల అయింది. పిల్లలు నవ్వబట్టిరి. పెండ్లికొడుకు దోస్తులు సీటీలు కొట్టిరి. పెండ్లిపిల్ల ముఖం కిందికి దించుకుంది.

బుచ్చయ్య స్టేజీ ఎక్కిండు. నేనేం చేయాలె? "దివాకర్ ఖరాబు చేసిండు సార్, ఇయ్యాలనే తీసేస్త" అన్న. ఆడు జేబులకెల్లి స్క్రూడ్రైవర్ తీసిండు. మందిల, స్టేజీ మీదనే డబ్బా మూత విప్పిండు. నాలుగు ర్యామ్‌లు పీకి బుచ్చయ్య అరచేతుల పెట్టి, "రెండు పాతయి, రెండు కొత్తయి పటేలా. నేను కలపొద్దన్న. ఆమెనే పెట్టింది" అన్నడు.

బుచ్చయ్య వాటిని చూసుకుంట అడిగిండు, "పోయినసారి గూడ గిదేనా?" నేను డబ్బా మూత అందుకునెతందుకు కిందికి వంగిన. ఆయనకు జవాబు దొరికింది. గప్పటి నుంచి ఒక్క ఫోన్ లేదు. వైశాఖంల ఉన్న లగ్గాలు అన్ని వాపసు పోయినయి.

నువ్వే చేసినవ్. కావాల్నని తియ్యటి మాటలు రాసి నన్ను ముంచినవ్. దగాకోరుదానా! అందరికీ చెప్త, ఊరూరు తిరిగి చెప్త.

దీప్తి


మర్రిగూడ,
మార్చి, 2026.

దీప్తీ,

గిన్ని ఉత్తరాలు పుస్తకం భాషల రాసిన. ఇది మన మాటల్లనే రాస్తున్న, నీకు మంచిగ సమజ్ కావాలె.

నేను దగా చేసిన్నా? సరే, చెప్పు. జడ్చర్ల బస్టాండుల నిలబడి చెప్పు. ఎట్ల చేసింది అని ఎవరన్న అడిగితే నా ఉత్తరాలు తీసి చదివి వినిపియ్యి. జత కొనుమన్న. కలపొద్దన్న. వాపసు చెయ్యిమన్న. సెట్టింగు ఆఫ్ చెయ్యిమన్న. పరీక్ష పెట్టుమన్న. వీటిల్ల అబద్ధం ఏడుంది? ఒక్కటి చూపియ్యి. గన్నిట్ల నువ్వు చేసింది ఒక్కటే, ఆ సెట్టింగు ఆన్ చేసుడు. గదొక్కటే చేస్తే పడుతదని గూడ రాసిన.

మనసు తేలికైందని రాసిన, అది గూడ నిజమే. లగ్గమైనంక చెప్త అని నువ్వు రాసిన లైను చదవంగనే, నువ్వు ఎప్పటికీ చెప్పవని తెలిసిపోయింది. నిన్ను ఏం చేయాల్నో గూడ నాకు అప్పుడే సమజైంది. పాలిటెక్నిక్ల నీకు పోయిన సబ్జెక్టు యాదికున్నదా? నేను సరైన జవాబే చూపించిన. కావాల్నని తప్పు చూపిస్తున్ననుకొని నువ్వు వేరేది రాసినవ్. నవ్వుకుంట నువ్వే చెప్పినవ్ నాకు. నీకు అబద్ధం రాయాల్సిన పనే లేదు దీప్తీ. నవ్వుకుంట నిజం రాస్తే సాలు. రెండోసారి ఆరాటపడుకుంట గదే నిజం రాస్తే, ఇగ నువ్వు సచ్చినా నమ్మవు. గందుకే రాసిన.

నాకు కోపం పోయిందనుకోకు. గా హాల్ల నీ ముఖం నా కండ్లతోటి చూడకపోతినని కడుపు మండుతాంది. ఆరేండ్ల కింద నేను ఆ డబ్బా ఒంటిగ కూసోని విప్పిన, ఏడ్చుకుంట మళ్ల మూసిన. దివాకర్ మందిల విప్పిండు. సెబాష్ దివాకర్!

అమ్మీకి నీ ఉత్తరం చదివి వినిపించిన. రంజాన్ రోజాలు నడుస్తున్నయి, ఇఫ్తార్ కోసం ఖర్జూరాలు కడుగుతాంది. నవ్వుతదనుకున్న. నవ్వలే. "పెండ్లిపిల్ల ఏడ్చిందా బేటీ?" అని అడిగింది. నేను ఏం చెప్పాలె? ఏడ్చే ఉంటది. నీకు చెప్పెతందుకు నా దగ్గర అన్నిటికీ జవాబున్నది, అమ్మీకి చెప్పెతందుకు గదొక్కదానికి లేదు. రెండు దినాలు ఆమె ముఖం చూడలేకపోయిన.

మూడో దినం బుచ్చయ్య వచ్చిండు, దివాకర్‌ను ఎంబడి పెట్టుకొని. కార్డులు నీ చేతికి పోకుండ దివాకర్ జేబులనే పెట్టుకున్నడంట, అన్ని పదిలంగ ఉన్నయి. అమ్మీ లేచి నిలబడితే బుచ్చయ్య కూసోలే. నా కుర్చీ గుంజి ముందుగాల ఆమెను కూసోబెట్టిండు. తను నిలబడే మాట్లాడిండు. "ఆరేండ్లు నీ బిడ్డను తిట్టుకున్న తల్లీ, నా నోట్ల మన్ను పడ. గీ లగ్గం ఆమెనే మిక్సింగ్ చేయాలె" అన్నడు. అమ్మీ ఆయన తోటి ఒకటే అడిగింది, పెండ్లిపిల్ల తలెత్తే ముక్క మంచిగ ఉన్నదా అని. ఉన్నది. నేను చూసిన. మస్తుగ నవ్వింది పిల్ల.

చేస్తున్న. రంజాన్ పండుగ అయినంక గదే హాల్ల, గదే తెర మీద, గదే మందిని పిలిచి మళ్ల ఏస్తడంట. నిన్ను గూడ పిలుస్తనన్నడు. నీకు ముఖం చెల్లదు, రావు. ఫికర్ లేదు, నీకొక కాపీ పోస్టుల పంపిస్త. పెండ్లిపిల్ల కన్న ముందుగాల తెర మీద ఒక పేరు పడుతది. ఏ స్టూడియో పేరు కాదు. మిక్సింగ్ రిజ్వానా, లాడ్లీ బేగం బిడ్డ, మర్రిగూడ.

గాడ జర ఆపి చూడు.

రిజ్వానా